మట్టిబొమ్మల వార్డు

మా ఇంట్లో బియ్యం కంటే సబ్బులు ముందు అయిపోతాయి. అది నా పుణ్యమే. హన్మకొండలోని ఒక మిషన్ దవాఖానలో సిస్టరుగా చేరి, వార్డు ఇన్‌ఛార్జిగా రిటైరైనదాన్ని. మోచేతుల దాకా చేతులు కడుక్కోనివాళ్ళను నేను మనుషుల లెక్కలో వేయను. మా ఆయన సుందర్ రావు ఆర్టీసీలో డ్రైవరుగా చేశాడు. పెళ్ళయిన కొత్తలో అన్నానికి కూర్చోబోతుంటే "చేతులు చూపించు" అన్నానని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఇప్పటికీ చెబుతుంటాడు.

అలాంటి నాకు దేవుడు మట్టి పిసికే కోడలినిచ్చాడు.

సుప్రియ మంచి పిల్ల, అందులో అనుమానం లేదు. మా శాంసన్‌ను చేసుకుని మడికొండ వచ్చిన ఏడాదికే మా ఇంటి ముందుగదీ వరండా తీసుకుని చిన్నపిల్లల బడి పెట్టింది. 'చిట్టి చేతులు' అని పేరు. అందులో పుస్తకాలు తక్కువ, మట్టి ఎక్కువ. తడిపిన బంకమట్టి ముద్దలు పిల్లల ముందు పెట్టి "మీకు ఏం చేయబుద్ధయితే గది చేయండ్రి" అనేది. వాళ్ళు పాములు చేసేవాళ్ళు, లడ్డూలు చేసేవాళ్ళు, రెండు లడ్డూలు ఒకదాని మీద ఒకటి పెట్టి "మా అమ్మ" అనేవాళ్ళు. నేను ఆ గది దాటాలంటే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వరదనీళ్ళు దాటినట్టు దాటేదాన్ని.

కిందటి వానకాలం బడి తెరిచిన కొద్దిరోజులకే, ఐదో నెలలో ఉన్న సుప్రియను డాక్టరమ్మ కాన్పయ్యేదాకా మంచం దిగొద్దంది. శాంసన్ కాజీపేట నుంచి రైళ్ళతో తిరిగే ఉద్యోగస్థుడు, ఇంట్లో కంటే బండిలో ఎక్కువ ఉంటాడు. "బడి నేను చూసుకుంటలే" అన్నాను. రోగుల వార్డు నడిపినదాన్ని, పిల్లల బడి ఒక లెక్కా అనుకున్నాను.

ఆ వారమే జావీద్ వచ్చాడు. ఐటీ పార్కులో ఉద్యోగం, కూతురు హుమేరా మా బడిలోనే. తల్లిదండ్రుల్లో అతని మాటకు విలువ ఎక్కువ, అతను ఎటు అంటే అందరూ అటే. వాన నీళ్ళు కారుతున్న బూట్లతోనే మెట్టు మీద నిలబడి చెప్పాడు.

"ఆంటీ, తప్పుగ అనుకోకుండ్రి. అందరి తరఫున చెప్తాన. రోజూ యూనిఫాం నిండ బురద. ఈ వానకు ఉతికినయి ఆరుతలేవు. ఇంట్ల ఇద్దరం డ్యూటీలకు పోయేటోళ్ళం. మా పిల్లకు ఇంక ఏబీసీడీలు సుత రాలే. దసరా సెలవుల ముంగట మీటింగ్ పెట్టుకుందాం. అప్పటికి గీ మట్టి పని గిట్లనే ఉంటే, రోడ్డు మీది పెద్ద స్కూల్ల సీట్లున్నయ్. అందరం మార్చుకుంటం."

అరిచి చెప్పి ఉంటే నేనూ అరిచేదాన్ని. మర్యాదగా చెప్పాడు, అందుకే భయమేసింది. వీళ్ళంతా వెళ్ళిపోతే ఇక బడి ఉండదు. లోపల మంచం మీదున్న సుప్రియకు ప్రతి మాటా వినపడింది. నేను వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుంది.

"అత్తమ్మా, నేను లేచేదాక బడిని జర కాపాడుండ్రి. ఇంకేం అడగ."

"ఫికర్ చేయకు బిడ్డా. ఒక్క పిల్లను సుత పోనియ్య," అన్నాను.

అన్నాను గానీ, జావీద్ చెప్పిందంతా నా మనసులో మాటే. మర్నాడు పొద్దున్నే మట్టి సంచి మూతి బిగించి కట్టి పెరట్లోకి నెట్టేశాను. గది మూలమూలా ఫినాయిల్‌తో కడిగాను. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి చుక్కలు కలిపే కాగితాలు ఇచ్చాను. ఆ వారమంతా ఆ గది ఎంత శుభ్రంగా ఉందంటే, పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చినా భయపడక్కర్లేదు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఒకరోజు సుప్రియకు గంజి తీసుకెళ్తే, తాగకుండా అడిగింది.

"అత్తమ్మా, ఇయ్యాల పిల్లలు రాలేదా?"

"అందరు వచ్చిండ్రు గదా!"

"మరి సప్పుడు లేదేంది?"

ఆమె నా చేతుల వైపు చూసింది. తళతళలాడుతున్నాయి. ఆమెకు అర్థమైపోయింది. ఏడవలేదు, అలగలేదు. "మీ ఇష్టం అత్తమ్మా" అని గ్లాసు అందుకుంది. కోడలు ఆ మాట అంటే ఎలా ఉంటుందో అత్తలకే తెలుసు.

పైగా ఆమె అడిగింది నాకు తెలియని సంగతి కాదు. పిల్లల వార్డులో చప్పుడు లేదంటే మేము పరుగెత్తుకెళ్ళేవాళ్ళం. మంచాల మధ్య గోల మొదలైందంటే జ్వరాలు దిగినట్టు. ఇంతకాలం దవాఖానలో తెలిసిన ముక్క నా ఇంట్లో ఎందుకు తట్టలేదో నాకే సిగ్గనిపించింది.

సరే, మట్టి ఉండనీ. కానీ శుభ్రమైన మట్టి ఉండాలి. దానికి నా దగ్గర విద్య ఉంది. క్రిస్మస్‌కు కేకులు చేసే ఓవెన్ దింపాను. దవాఖానలో కత్తెరలూ గిన్నెలూ వేడిగాలి పెట్టెలో పెట్టి శుద్ధి చేసినట్టే, మట్టి ముద్దలు పళ్ళెంలో పేర్చి ఓవెన్‌లో పెట్టాను.

మా ఆయన వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఏం వండుతానవ్?"

"మట్టి."

"ఎంతమందికి?"

ముద్దలు బయటికి తీసేసరికి రాళ్ళయ్యాయి. రోకలితో కొడితే రోకలి ఎగిరిపడింది. మా ఆయన ఒక ముద్ద చేతిలోకి తీసుకుని బరువు చూసి, "బస్సు వెనక చక్రం కింద పెట్టొచ్చు, గుట్ట మీద సుత ఆగుతది" అన్నాడు. నేను వెనక్కి తగ్గే రకం కాదు. వాటన్నిటినీ బకెట్లో వేసి, నీళ్ళు పోసి, ఎందుకైనా మంచిదని డెట్టాల్ కూడా ధారాళంగా పోశాను. రెండు రోజులకు అవి మెత్తబడ్డాయి. ఇల్లంతా ఆపరేషన్ థియేటర్ వాసన. ఆ తర్వాత ఆ ఓవెన్‌లో ఏం చేసినా చెరువు వాసన వస్తోందని మా ఆయన ఫిర్యాదు, అది వేరే సంగతి.

తీరా పిల్లల ముందు పెడితే ఒక్కరూ ముట్టుకోలేదు. అక్షర అనే పిల్ల ఉంది, దేన్నైనా ముందు ముక్కుతో చూసే రకం. అది ముద్ద దగ్గర వంగి వాసన చూసి, రెండు చేతులూ వెనక దాచుకుంది.

"నానమ్మ టీచర్, గీ మట్టి మనకు సూది ఏస్తదా?"

ఆ మాటతో ఇద్దరు ఏడుపు లంకించుకున్నారు. ఇంకో క్షణం ఆగితే అందరూ అందుకునేలా ఉన్నారు. నా నోటికి తోచింది అనేశాను.

"సూది మనకు గాదే, బొమ్మలకు! పానం బాగలేని బొమ్మలకు."

అక్షర కొంచెంసేపు ఆలోచించింది. కిటికీ గూట్లో సుప్రియ ఉన్నప్పుడు చేసిన బొమ్మలు ఎండిపోయి ఉన్నాయి. అందులోంచి తన బర్రెను తెచ్చింది. దాని ముందుకాలు విరిగి ఊడిపోయింది. విరిగిన కాలు ఇంకో చేతిలో పట్టుకుని "మరి దీనికి?" అంది.

నేను ఆలోచించలేదు, నా చేతులే ఆలోచించాయి. పాత నూలుచీర చింపి సన్నటి పట్టీలు చేశాను. డెట్టాల్ మట్టినే నీళ్ళలో కలిపి పలచటి గంజిలా చేశాను. పిండికట్టుకు గుడ్డ తడిపినట్టు ఆ పట్టీలు అందులో తడిపి, కాలు కుదురుగా నిలబెట్టి చుట్టాను. పిల్లలందరూ నా చుట్టూ మూగారు.

"గట్టిగ కట్టద్దు," అన్నాను, కొత్త సిస్టర్లకు చెప్పినట్టు. "గట్టిగ కడితే వేళ్ళు నల్లవడ్తయ్. రేపు పొద్దుగాల రౌండ్స్‌ల చూద్దాం. అప్పటిదాక దీన్ని ఎవ్వలు లేపద్దు."

మర్నాడు కట్టు ఎండి గట్టిపడింది. బర్రెను బల్ల మీద పెట్టి చెయ్యి వదిలాను. నిలబడింది! పిల్లలు పెట్టిన కేకకు లోపల్నుంచి సుప్రియ గాబరాగా అరిచింది.

"ఏమైంది అత్తమ్మా?"

"బర్రె లేచి నిలవడ్డది!" అని నేనూ అరిచాను. లోపల్నుంచి నవ్వు వినపడింది. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. అది విని నాకు ఏడుపొచ్చింది.

ఇక ఆ రోజునుంచి ఆపడం ఎవరి తరం? మంచాలు కావాలన్నారు, మట్టితో మంచాలు చేశారు. దిండ్లు చేశారు, మందుబిళ్ళలు చేశారు, దారం కట్టిన సెలైన్ సీసాలు చేశారు. పేషెంట్లు చాలక కొత్త బొమ్మలు చేసి, వాటికి కావాలనే కాళ్ళు విరిచారు. అలా విరిచినవాళ్ళను గట్టిగానే కోప్పడ్డాను. మంచానికి పేరు లేకపోతే మందెలా ఇస్తామని ప్రతి మంచానికీ చీటీ పెట్టించాను. అక్షర తన బర్రె కోసమే 'బ' నేర్చుకుంది. ఒత్తు వేయడానికి ఇంకా టైముందని వదిలేశాను.

యూనిఫాం సంగతి మా ఆయన తీర్చాడు, అంటే ఆయన పాత ఖాకీ చొక్కాలు తీర్చాయి. వెనక్కి తిప్పి తొడిగి, వీపు మీద గుండీలు పెడితే పిల్లల మోకాళ్ళ దాకా వచ్చాయి. ఖాకీల్లో తిరుగుతున్న ఆ చిన్న సిస్టర్లను చూసి, "నేను రిటైర్ అయిన గని నా చొక్కాలకు మల్ల డ్యూటీ వచ్చింది" అని మా ఆయన ముచ్చటపడ్డాడు. స్కూటర్ మీద హసన్‌పర్తి వెళ్ళి కుమ్మరుల దగ్గర కొత్త మట్టి తెచ్చి నాకు అప్పగిస్తూ, "దీన్ని జర వండకు" అన్నాడు.

వార్డన్నాక రూల్సు ఉండాలి కదా. చెప్పులు బయట విడవాలి. పేషెంటును ముట్టుకునే ముందు చేతులు కడగాలి, ముట్టుకున్నాక కడగాలి. మట్టి పట్టుకోవడానికి చేతులు కడగడమేమిటని మా ఆయన నవ్వితే, పిల్లలందరూ కలిసి ఆయన్ను బయటికి పంపించారు. నన్ను నానమ్మ టీచర్ అనడం మానేసి సిస్టర్ అనడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక ఆ పిలుపు మళ్ళీ వింటాననుకోలేదు, చెవులకు ఎంత హాయిగా ఉందో!

బొమ్మలు బాగై, ఒక్కొక్కటీ డిశ్చార్జ్ అయి ఇంటికి పోయేవి. హుమేరా బొమ్మ ఒక్కటే పోలేదు. ముసలామె బొమ్మ అది. తల మీద కొంగు, ఒక కాలికి లావుగా కట్టు. రోజూ దాని కట్టు తడిమి, దిండు సర్ది, "ఇంక లేవలే సిస్టర్" అనేది. "ఎవరే ఈమె?" అంటే "దాదీ" అనేది. వాళ్ళ నానమ్మ బేగం బీ ఊరికి పోయిందని జావీద్ మాకు చెప్పి ఉన్నాడు కాబట్టి, ఆట కోసమే ఆ పేరు పెట్టుకుందనుకున్నాను.

బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చే రోజులు. దసరా మీటింగ్ ఇంకా జరగనే లేదు, ఒక మధ్యాహ్నం పెద్ద వానలో జావీద్ వచ్చాడు.

"ఆంటీ, మీటింగ్ దాక ఎందుకని... ఆ స్కూల్ల సీటు ఇస్త అన్నరు. పిల్లను, బ్యాగును తీస్కపోదమని వచ్చిన. ఇంకో నలుగురు సుత ఇయ్యాలో రేపో వస్తరు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. సుప్రియ లేచి కూర్చున్నట్టుంది. నేను నోరు తెరిచేలోగా ఖాకీ చొక్కాలో హుమేరా గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"అబ్బూ, బూట్లు!"

అతను నా వైపు చూశాడు. "వార్డు రూలు బాబూ," అన్నాను. బూట్లు విప్పాడు. కూతురు చెప్పినట్టు చేతులు కడిగాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని మంచాల మధ్యనుంచి నడిపించి, ముసలామె బొమ్మ ముందు పిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ముడుచుకుని కూర్చున్నాడు.

"ఈమె ఎవరు బేటా?"

"దాదీ."

"దాదీ ఊరికి పోయింది గదా."

"లేదు. బాత్రూంల పడ్డది. నేను చూసిన గదా అబ్బూ. నువ్వు ఆటోల ఎక్కిచ్చినవ్. దాదీ మస్తు ఏడ్చింది."

జావీద్ కుర్చీని బొమ్మ దగ్గరికి జరుపుకున్నాడు.

"అందరిని చూడనీకి వాళ్ళోళ్ళు వస్తాండ్రు," అంది హుమేరా. "దాదీకే ఎవ్వలు వస్తలేరు."

అతను వంగి, ఒక్క వేలితో ఆ కట్టు మీద నెమ్మదిగా తాకాడు.

"ఎవరు కట్టిండ్రు ఇది?"

"నేనే. గట్టిగ కట్టద్దు. వేళ్ళు నల్లవడ్తయ్."

జావీద్ తల ఎత్తి నన్ను చూశాడు. తుంటి ఎముక విరిగిందనీ, ఆపరేషన్ చేయించి హసన్‌పర్తిలో చెల్లెలింట్లో ఉంచామనీ చెప్పాడు. పిల్ల భయపడుతుందని ఊరికి పోయిందన్నాడట. చెబుతున్నంతసేపూ బొమ్మ మీదినుంచి వేలు తీయలేదు.

"ఆంటీ, విజిటింగ్ టైం ఎప్పటిదాక?"

"పేషెంటు మనిషి వచ్చినంక నేను గడియారం చూడ బాబూ," అన్నాను.

వాన తగ్గేదాకా కూర్చున్నాడు. పోయేటప్పుడు పిల్లను ఎత్తుకున్నాడు, గొడుగు తీసుకున్నాడు. పుస్తకాల బ్యాగు మేకుకే వేలాడుతోంది. నేను గుర్తు చేయలేదు.

మీటింగ్ రోజున బల్లలన్నీ కలిపి వార్డు పరిచాం. సుప్రియకు డాక్టరమ్మ కాసేపు కూర్చోవచ్చని చెప్పడంతో గుమ్మం దగ్గర పడక కుర్చీ వేశాం. అందరూ వచ్చారు. పిల్లలు తల్లిదండ్రులతో బూట్లు విప్పించి, చేతులు కడిగించి, వాళ్ళ వాళ్ళ పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. మట్టి మాట ఎవరు ముందు ఎత్తుతారా అని నేను బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. అప్పుడు వాకిట్లో కారు ఆగింది. జావీద్ దిగి, వెనక తలుపు తీసి, నాలుగు కాళ్ళ స్టాండు కింద పెట్టాడు. దాన్ని పట్టుకుని ఒక ముసలావిడ అడుగు తీసి అడుగు వేసుకుంటూ వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని హుమేరా.

బేగం బీ నేరుగా తన మంచం దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"హాయ్ అల్లా! గింత లావున్ననానే నేను?"

గదంతా ఘొల్లుమంది. హుమేరా నవ్వలేదు. డ్యూటీలో ఉంది మరి. దాదీ నిలబడ్డ కాలినీ, బొమ్మ కాలినీ మార్చి మార్చి చూసి, బొమ్మను మంచం మీదినుంచి తీసి నానమ్మ చేతిలో పెట్టింది. "డిశ్చార్జ్," అంది.

ఇక మీటింగ్‌లో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. "మా పిల్ల ఇక్కడ్నే ఉంటది," అని జావీద్ ఒక్క మాట అన్నాడు. రెండు కుటుంబాలు మాత్రం మంచివాళ్ళలాగే చెప్పి పిల్లల్ని మార్చుకున్నాయి. వాళ్ళను తప్పుపట్టను. మిగిలినవాళ్ళు ఖాకీ చొక్కా ఇంకోటి దొరుకుతుందా అని అడిగారు.

అందరూ వెళ్ళాక సుప్రియ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, నా బడిని దవాఖాన చేసిండ్రు."

"చేస్తే చేసిన. బతికిందా లేదా?"

ఆమె నా అరచెయ్యి చెంపకు ఆనించుకుంది. కోడలు నాకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే. మా ఆయన ఏదో అనబోయి, మంచితనంతో మానుకున్నాడు.

దసరా సెలవులు ఇంకా అయిపోలేదు. సోమవారం బడి తెరవాలి కదా అని నేనూ మా ఆయనా పెరట్లో కూర్చుని కొత్త మట్టి పిసుకుతున్నాం. ఇంట్లోంచి సుప్రియ పిలిచింది. ఆ పిలుపులోని తేడా నాకు తెలుసు. చేతులు కొళాయి కింద అలా పెట్టి ఇలా తీసి, ఆటో పిలిపించి, నేను పనిచేసిన దవాఖానకే తీసుకెళ్ళాను. తెల్లారేసరికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అప్పుడు నేను ప్రార్థన చేశానో, ఊరికే ఏడ్చానో నాకే తెలియదు.

కాన్పుల వార్డు ఇన్‌ఛార్జి ఇప్పుడు జ్యోతి. నా చేతికింద పని నేర్చుకున్న పిల్ల. మొదటిరోజే గోళ్ళు పెంచుకుని డ్యూటీకి వస్తే, అందరి ముందూ నిలబెట్టి కత్తిరించాను. ఆ జ్యోతి పాపను గుడ్డలో చుట్టి తెచ్చింది. నేను చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు. నా చేతుల వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"సిస్టర్... ఏమనుకోకుండ్రి. గోళ్ళల్ల మట్టి ఉన్నది."

నా వెనక మా ఆయన గోడకు చేరబడి నవ్వుతూనే ఉన్నాడు. నేను మోచేతుల దాకా కడుక్కుని వచ్చాను. జ్యోతి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, అప్పుడు ఇచ్చింది. నేర్పినదాన్ని నేనే కదా, లోలోపల గర్వపడ్డాను.

పాప పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది. అలవాటు ఎక్కడికి పోతుంది, "చేతులు చూపించు" అన్నాను. ఒక్కొక్క వేలే విప్పి చూశాను. ఎంత చిన్న గోళ్ళో! మట్టి కాదు కదా, చిన్న మరక కూడా లేదు.

మా ఆయన నా భుజం మీదినుంచి తొంగి చూశాడు.

"ఎన్ని రోజులుంటయ్‌లే గట్ల," అన్నాడు.